కీబోర్డులో శాంపిల్ దిద్దడం: డప్పు నుంచి నాదస్వరం దాకా

(విశాఖపట్నంలో కీబోర్డు వాద్యకారుల ముందు చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభలోంచి వచ్చిన ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. పెళ్ళి రిసెప్షన్లలో, నవరాత్రి పందిళ్ళలో, గుడి ఉత్సవాల్లో కీబోర్డు వాయించేవాళ్ళు, ఇంట్లో చిన్న స్టూడియో పెట్టుకున్నవాళ్ళు, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లలు అందరూ ఇక్కడ ఉన్నారు. అందుకని ఏ కీబోర్డు కొనాలి అనే మాట జోలికి పోను. కొన్న కీబోర్డులో ఉన్న శాంపిల్ ఎడిట్ పేజీ, అంటే రికార్డు చేసిన శబ్దం ముక్కని కోసి దిద్దే పేజీ గురించే మాట్లాడతాను. చాలామంది ఆ పేజీ ఒకసారి తెరిచి, అంకెలు చూసి, మూసేస్తారు. ఆ అంకెలే ఈ సాయంత్రం మన విషయం.

ముందు చరిత్ర రెండు మాటల్లో. 1979లో ఆస్ట్రేలియాలో తయారైన ఫెయిర్‌లైట్ సీఎంఐ అనే శాంపిల్ యంత్రం శబ్దాన్ని 8 బిట్లలో దాచుకునేది (బిట్లు ఎన్ని ఎక్కువైతే కొలత అంత కచ్చితం). 1987 నాటి ఈమూ ఎస్‌పీ-1200 కి 12 బిట్లు, మొత్తం కలిపి 10 సెకన్ల మెమరీ. 1988లో అకాయ్ ఎస్1000 వచ్చేసరికి 16 బిట్లు, సెకనుకు 44,100 కొలతలు అయ్యాయి. ఇప్పటి వర్క్‌స్టేషన్లలో వందల మెగాబైట్లు ఉన్నా, ఎడిట్ పేజీలో ఉండే పనులు మాత్రం దాదాపు అప్పటివే: స్టార్ట్, ఎండ్, లూప్ (ఒక భాగాన్ని పదే పదే తిప్పడం), రూట్ కీ (శాంపిల్ తన అసలు శృతిలో పలికే కీ), నార్మలైజ్ (లెవెల్‌ని పై హద్దు దాకా పెంచడం). సెకనుకు 44,100 అన్నానే, ఆ ఒక్కో కొలతని ఇక్కడినుంచి పాయింటు అంటాను. మొత్తం రికార్డింగు ముక్కని శాంపిల్ అంటాను.

ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. మీరు పై కీ నొక్కినప్పుడు కీబోర్డు కొత్త శబ్దమేమీ తయారు చేయదు. ఉన్న పాయింట్లనే వేగంగా చదువుతుంది. ఒక సెమీటోన్ పైకి వెళ్తే 1.0595 రెట్లు వేగం, ఒక ఆక్టేవ్ పైకి వెళ్తే రెండు రెట్లు. కింది కీ అయితే నెమ్మదిగా చదువుతుంది. అంటే శాంపిల్లో మీరు వదిలేసిన ప్రతి లోపమూ స్వరంతో పాటే కీల మీద ప్రయాణం చేస్తుంది. రూట్ కీ మీద విని "బాగుంది" అనుకున్న శాంపిల్ ఐదో కీ మీద ఎందుకు చెడిపోతుందో దీంట్లోనే ఉంది.

కరెంటు హమ్‌నే తీసుకోండి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ఎర్తింగ్ సరిగ్గా లేని ఇంట్లో రికార్డు చేస్తే నాదస్వరం వెనకాల 50, దాని మీద 100, 150 హెర్ట్జ్ సన్నగా పడి ఉంటాయి. ఒక్క కీ మీద వింటే తెలియదు. స, గ, ప మూడు కీలూ కలిపి పట్టుకోండి: ఇప్పుడు హమ్ 50 లోనూ, 63 లోనూ, 75 లోనూ మూడు చోట్ల మోగుతుంది. స్టేజీ మీద బేస్ బాక్సుల్లో అది బూరుమని వినిపిస్తుంది, కారణం ఎవరికీ అంతు పట్టదు. అందుకే లో-కట్ ఫిల్టర్ (కింది ఫ్రీక్వెన్సీలని కోసేది) శాంపిల్ లోపలే పెట్టాలి. వాయించేటప్పుడు మిక్సర్లో 50 దగ్గర కోస్తే 63, 75 అలాగే ఉండిపోతాయి. వాద్యం కింది స్వరం 200 హెర్ట్జ్ పైన ఉంటే 120 దగ్గర లో-కట్ పెట్టినా వాద్యానికి నష్టం లేదు. 150 ఇంకా వినిపిస్తే దాన్ని ఒక్కదాన్నే సన్నని నాచ్‌తో తీయండి. సీలింగ్ ఫ్యాను సంగతీ ఇంతే: రూట్ మీద నెమ్మదిగా ఊగే గాలి చప్పుడు, ఆక్టేవ్ పైన రెండింతల వేగంతో ఊగుతుంది. ఉక్కపోత ఎంతున్నా ఆ పది నిమిషాలు ఫ్యాను ఆపండి. బీచ్ వైపు కిటికీలుంటే మూసేయండి. కెరటాల హోరు మనకి అలవాటై వినిపించదు గానీ మైకుకి వినిపిస్తుంది.

రికార్డింగ్ లెవెల్ మీటర్లో గట్టి దెబ్బలు −12 నుంచి −6 డెసిబెల్ మధ్య పడేలా పెట్టండి (0 అంటే పై హద్దు). ఒక్కో బిట్‌కి సుమారు 6 డెసిబెల్ లెక్క, 16 బిట్లకి 96. పైన పది డెసిబెల్ ఖాళీ వదిలితే పోయేది రెండు బిట్లు కూడా కాదు. పైన తగిలి కోసుకుపోయిన దెబ్బని మాత్రం ఏ ఎడిట్ పేజీ వెనక్కి తేలేదు.

ఫైలు బయటినుంచి తెచ్చుకునేవాళ్ళకి రెండు జాగ్రత్తలు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా వచ్చిన డప్పు దరువు వాడొద్దు. అందులో పై ఫ్రీక్వెన్సీలు ముందే కుదించుకుపోయి ఉంటాయి, రెండు సెమీటోన్లు కిందికి జరపగానే శబ్దం మట్టిగొట్టుకుపోతుంది. పంపేవాళ్ళని వేవ్ ఫైలుని డాక్యుమెంటుగా పంపమనండి. ఎంపీ3 కూడా వద్దు. దాన్ని తయారుచేసే పద్ధతిలోనే మొదట్లో వెయ్యికి పైగా పాయింట్ల నిశ్శబ్దం చేరుతుంది, అంటే దాదాపు 25 మిల్లీసెకన్లు. కీ నొక్కాక డప్పు ఆలస్యంగా పలుకుతోందని కీబోర్డుని అనుమానించేవాళ్ళు ముందు ఈ నిశ్శబ్దాన్ని చూడాలి.

రెండోది శాంపిల్ రేటు, అంటే సెకనుకు ఎన్ని పాయింట్లు అన్న లెక్క. ఫోన్లు, వీడియో కెమెరాలు చాలావరకు 48,000 తో రికార్డు చేస్తాయి. కొన్ని కీబోర్డులు ఆ ఫైలుని తీసుకుని, రేటు మార్చకుండా 44,100 లెక్కన చదివేస్తాయి. అప్పుడు శృతి 147 సెంట్లు (సెమీటోన్‌లో వందో వంతు ఒక సెంటు) దిగిపోతుంది, దాదాపు ఒకటిన్నర సెమీటోన్. పాట నిడివి కూడా దాదాపు 9 శాతం పెరుగుతుంది. తెచ్చుకున్న ఫైలు సరిగ్గా ఇంతే తక్కువ పలికితే, ట్యూనింగ్ పేజీలో కుస్తీ పట్టకుండా కంప్యూటర్లో 44,100 కి మార్చి మళ్ళీ ఎక్కించండి.

ఇక కోత. స్టార్ట్ పాయింట్ ఎక్కడ పెట్టాలి? తరంగం సున్నా గీతని దాటే చోట, దెబ్బ మొదలయ్యే ముందు. ఒక మిల్లీసెకను అంటే 44 పాయింట్లు. డప్పుకి దెబ్బకి ముందు 40 నుంచి 80 పాయింట్లు వదిలితే చాలు. చెవికి ఆలస్యం తెలియదు, దెబ్బ మొన విరగదు. సున్నా కాని చోట కోస్తే స్పీకర్ కోను ఒక్కసారిగా ఎగిరి టిక్కుమంటుంది. సున్నా దగ్గరే కోసినా టిక్కు వస్తోందా? అప్పుడు శాంపిల్ మొత్తం సున్నా గీతకి పైకో కిందికో జరిగి ఉందేమో చూడండి. చవక సౌండ్ కార్డుల్లో ఇది మామూలే. దీన్నే డీసీ ఆఫ్‌సెట్ అంటారు. కీబోర్డులో దీనికి వేరే ఆప్షను లేకపోతే 20 హెర్ట్జ్ దగ్గర లో-కట్ ఇచ్చి రీశాంపిల్ చేస్తే (కీబోర్డు శబ్దాన్ని కీబోర్డులోనే మళ్ళీ రికార్డు చేస్తే) పోతుంది. కోతకి ముందే ఈ పని చేయాలి, తర్వాత చేస్తే సున్నా పాయింట్లన్నీ జరిగిపోతాయి.

చివరి కోత విషయంలో తొందర వద్దు. తోలు వాద్యం మోత ఆగిపోయిందనుకున్న తర్వాత కూడా అర సెకను మోగుతుంది. వాల్యూం బాగా పెంచి, మోత గది చప్పుడులో కలిసిపోయిన చోటు పట్టుకుని, అక్కడ 50 మిల్లీసెకన్ల ఫేడ్-అవుట్ ఇవ్వండి. అసలు రికార్డింగు కాపీ ఒకటి వేరే పేరుతో ఉంచుకున్నాకే ట్రిమ్ నొక్కాలి. ట్రిమ్, నార్మలైజ్ లాంటివి అసలు డేటానే మార్చేస్తాయి. అండూ ఉన్నా చాలా కీబోర్డుల్లో ఒక్క మెట్టే ఉంటుంది. స్టార్ట్ పాయింట్ జరపడం అలా కాదు, డేటా అలాగే ఉంటుంది. నచ్చేదాకా పాయింట్లు జరుపుతూ వినండి, చివర్లో ఒక్కసారి ట్రిమ్ చేయండి.

డప్పు దగ్గర కాస్త ఆగుదాం. మన ఉత్తరాంధ్రలో డప్పు లేని పండగ లేదు గానీ, రెడీమేడ్ టోన్లలో దొరికే డప్పు మన డప్పులా మోగదు. అందుకే సొంతంగా శాంపిల్ చేసుకోవాలి. ఇక్కడి తేమగాలికి తోలు సడలుతుంది కాబట్టి డప్పుని మంట దగ్గర కాచి వాయిస్తారు. కాచిన వెంటనే శృతి ఎక్కి ఉంటుంది, చల్లారేకొద్దీ దిగుతుంది. ఒక దెబ్బ కాచిన వెంటనే, ఇంకో దెబ్బ అరగంట తర్వాత రికార్డు చేస్తే రెండూ రెండు డప్పుల్లా ఉంటాయి, ఏ ఫైన్ ట్యూనూ పూర్తిగా కలపలేదు. కావాల్సిన దెబ్బలన్నీ ముందే కాగితం మీద రాసుకుని, ఒక్క కాపుకి అన్నీ అయిపోయేలా చూసుకోండి. సిర్రతో (లావు పుల్లతో) నడిమి దెబ్బ, సిర్రతో అంచు దెబ్బ, సిటికెన పుల్ల దెబ్బ, చేత్తో అదిమిపట్టిన మూసిన దెబ్బ. ఈ నాలుగూ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా. ఒక్కోటి కనీసం రెండుసార్లు. మొత్తం 24 ముక్కలు.

ఇప్పుడు అసలు చిక్కు: ఈ 24 ముక్కల్నీ ఒక్కోటిగా నార్మలైజ్ చేస్తే మెల్లని దెబ్బ కూడా గట్టి దెబ్బంత మోగుతుంది. వేలి ఒత్తిడికి అర్థం పోతుంది. పైగా మెల్లని దెబ్బతో పాటు దాని వెనకున్న గది చప్పుడూ లేస్తుంది. అన్నిటికన్నా గట్టి దెబ్బ శిఖరం ఎంతుందో చూడండి. అది −7 అంటే, −1 కి రావడానికి 6 డెసిబెల్ కావాలి. ఆ 6 డెసిబెల్లే 24 ముక్కలకీ ఇవ్వండి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు. పూర్తిగా 0 దాకా ఎందుకు ఎక్కించకూడదంటే, వేరే కీ మీద చదివేటప్పుడు కీబోర్డు రెండు పాయింట్ల మధ్య విలువని లెక్కగట్టుకుంటుంది, ఆ లెక్క శిఖరాన్ని దాటి పైకి పోవచ్చు.

వెలాసిటీ (కీని ఎంత గట్టిగా నొక్కారో చెప్పే అంకె) పంపకం 1–60, 61–100, 101–127 తో మొదలుపెట్టి మీ చేతి బరువుని బట్టి జరుపుకోండి. పేజీల పేర్లు కంపెనీని బట్టి మారతాయి. యమహా మోటిఫ్ వరసలో వేవ్‌ఫామ్ లోపల కీబ్యాంకులుంటాయి, ఒక్కో కీబ్యాంకుకి కీ హద్దులు, వెలాసిటీ హద్దులు ఇస్తాం. కోర్గ్‌లో మల్టీశాంపిల్, దాని లోపల ఇండెక్సులు. పని ఒక్కటే. రెండేసి సార్లు ఎందుకు రికార్డు చేయమన్నానంటే, ఒకే ముక్క వరసగా మోగితే చెవి వెంటనే యంత్రాన్ని పసిగడుతుంది. ఒకే కీ మీద ముక్కలు మార్చి మార్చి పలికించే ఏర్పాటు మీ కీబోర్డులో లేకపోతే, రెండు ముక్కల్నీ పక్కపక్క తెల్ల కీల మీద పెట్టి రెండు వేళ్ళతో వాయించండి. రెండు పుల్లల వాద్యానికి అది చేతికి సహజంగానే వస్తుంది. తెరిచిన దెబ్బనీ మూసిన దెబ్బనీ ఒకే గ్రూపులో పెట్టాలి. మూసినది పడగానే తెరిచిన మోత ఆగిపోవాలి, లేకపోతే చేయి అదిమినా తోలు మోగుతూనే ఉంటుంది.

ఇక లూప్. ఊదే వాద్యాలకీ, తీగ వాద్యాలకీ అందరూ ఇబ్బంది పడేది ఇక్కడే. కాస్త లెక్క చెప్తాను, ఓపిక పట్టండి.

440 హెర్ట్జ్ స్వరం ఒక్క ఆవృత్తికి (తరంగం ఒక చుట్టుకి) 44,100 ని 440 తో భాగిస్తే 100.23 పాయింట్లు. పాయింట్లకి ముక్కలుండవు, పాత పద్ధతి యంత్రాల్లో లూప్ 100 గా పెట్టాల్సిందే. అప్పుడు స్వరం 441 హెర్ట్జ్ అవుతుంది, అంటే దాదాపు 4 సెంట్లు ఎక్కువ. శాంపిల్ మొదట్లో శృతి ఒకటి, లూపులోకి వెళ్ళాక మరొకటి. తంబురా పక్కన ఇది తెలిసిపోతుంది. అదే పది ఆవృత్తులు కలిపి 1,002 పాయింట్ల లూప్ పెడితే తేడా అర సెంటుకి దిగుతుంది. లూప్ ఎంత పొడుగైతే శృతి అంత నిలుస్తుంది. ఇంకో సంగతి: వేవ్ ఫైలు లోపల లూప్ పాయింట్లు, రూట్ కీ కూడా రాసుకునే చోటు ఉంది. కొన్ని యంత్రాలు దాన్ని చదువుతాయి, కొన్ని పట్టించుకోవు. ఇంకొన్ని చివరి పాయింటుని లూపులో కలుపుకుంటాయా లేదా అన్న చోట ఒక్క పాయింటు తేడా చేస్తాయి. 100 పాయింట్ల లూపులో ఒక్క పాయింటు తప్పితే 17 సెంట్లు. కంప్యూటర్లో చక్కగా ఉన్న లూప్ కీబోర్డులో అపశృతి పలికితే లూప్ ఎండ్‌ని ఒక్క పాయింటు ముందుకీ వెనక్కీ జరిపి వినండి.

లూపుకి చోటు ఎంచుకోవడం మీదే సగం పని ఆధారపడి ఉంటుంది. స్వరం స్థిరపడ్డాక, ఊపిరి తగ్గడం మొదలవ్వక ముందు. లూప్ మొదలు, చివర రెండు చోట్లా గట్టిదనం ఒకేలా ఉండాలి, తరంగం ఒకే దిక్కుగా సున్నాని దాటాలి. మొదట్లో పైకి వెళ్తూ దాటి, చివర్లో కిందికి దిగుతూ దాటితే సున్నా దగ్గరే కలిసినా టిక్కు వస్తుంది. వేణువు లాంటి వాటికి లూప్ ఒక సెకను కన్నా తగ్గించకండి. ఊపిరి చప్పుడుకి ఆవృత్తి ఉండదు, చిన్న లూపులో అది పదే పదే తిరిగి జుంయ్‌మనే కొత్త స్వరంలా మారిపోతుంది.

స్వరంలో ఊగు ఉంటే ఆ ఊగు పూర్తి చుట్లు లూపులో పడాలి. సెకనుకు 5 సార్లు ఊగితే ఒక చుట్టుకి 8,820 పాయింట్లు, మూడు చుట్లకి 26,460. కానీ మొదట చెప్పింది గుర్తుంచుకోండి: ఆక్టేవ్ పైన ఆ ఊగు సెకనుకు 10 సార్లు అవుతుంది. అందుకని నా మాట వింటే, ఊగు లేకుండా సాదాగా ఊదించి రికార్డు చేయండి. ఊగుని కీబోర్డు ఎల్‌ఎఫ్‌ఓతోనో (స్వరాన్ని తనంతట తానే ఊపే ఏర్పాటు) మాడ్ వీల్‌తోనో (చేత్తో తిప్పే చక్రం) ఇచ్చుకోండి. అప్పుడు అన్ని కీల మీదా ఒకే వేగంలో ఉంటుంది.

ఎంత వెతికినా అతుకు వినిపిస్తుంటే క్రాస్‌ఫేడ్ ఉంది. చాలామంది మొదటే దీని మీద పడతారు, అది సరికాదు. క్రాస్‌ఫేడ్ చేసేది ఏమిటంటే, లూప్ మొదలుకి ముందున్న శబ్దాన్ని తీసుకొచ్చి లూప్ చివరి భాగంలో కలపడం. కాబట్టి లూప్ మొదలుకి ముందు కనీసం అంత నిడివి నిలకడైన శబ్దం ఉండాలి. నాదస్వరం తుత్తుకారం (స్వరం మొదట్లో నాలుకతో ఇచ్చే దెబ్బ) పడిన వెంటనే లూప్ మొదలుపెట్టి పొడుగాటి క్రాస్‌ఫేడ్ ఇచ్చారనుకోండి, ఆ తుత్తుకారం ముక్క కూడా వచ్చి చివర్లో కలుస్తుంది. ప్రతి చుట్టుకీ వాద్యకారుడు కొత్తగా ఊదినట్టు వినిపిస్తుంది. ఇంకో లోపం: కలిపే రెండు ముక్కలూ ఎదురు దిక్కుల్లో ఊగుతుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుని మధ్యలో శబ్దం కుంగుతుంది. అలా కుంగితే క్రాస్‌ఫేడ్ పెంచొద్దు. లూప్ మొదలుని అర ఆవృత్తి జరపండి. స్టీరియో శాంపిల్ అయితే ఎడమ సున్నా దాటే చోట కుడి దాటదు, అందుకే ఒంటరి వాద్యాలన్నీ మోనోలోనే ఉంచమంటాను. మెమరీ కూడా సగమే పడుతుంది.

రూట్ కీ, ఫైన్ ట్యూన్. రెండున్నర శృతి నాదస్వరం అంటే షడ్జం డి షార్ప్. కానీ బయటి వాద్యం ఏదీ కచ్చితంగా 440 లెక్కన ఉండదు, పది ఇరవై సెంట్లు అటూ ఇటూ ఉండటం మామూలు. ట్యూనర్ లేకపోయినా పరవాలేదు. కీబోర్డులోని సాదా సైన్ టోన్‌ని లేయర్ చేసి రెండూ కలిపి ఒకే కీ పట్టండి. రెండిటి మధ్య శబ్దం ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే ఆ ఉబ్బుల్ని లెక్కపెట్టండి. 220 హెర్ట్జ్ దగ్గర సెకనుకు రెండు ఉబ్బులంటే దాదాపు 16 సెంట్ల తేడా. ఫైన్ ట్యూన్ జరుపుతూ పోతే ఉబ్బులు నెమ్మదించి ఆగిపోతాయి, అక్కడ వదిలేయండి. లూప్ పెట్టాకే ఇది చేయాలి, ఎందుకంటే పట్టి ఉంచినప్పుడు వినిపించేది లూపే.

ఒక శాంపిల్‌ని ఎన్ని కీల మీద పరవొచ్చు? నాదస్వరం, సన్నాయి, మనిషి గొంతు అయితే రూట్‌కి ఒక కీ పైన, ఒక కీ కింద, అంతే. వాద్యం గొట్టానికి, మనిషి నోటికి సొంత గుణం ఒకటుంటుంది, స్వరం మారినా అది మారదు. మనం వేగంగా చదివితే ఆ గుణం కూడా పైకి జరిగిపోతుంది, గొంతు పిల్లల గొంతు అయిపోతుంది. మిగతా వాద్యాలకి నాలుగేసి కీలకి ఒక శాంపిల్ అనుకుంటే 61 కీల బోర్డుకి 16 కావాలి. ఒక్కోటి 3 సెకన్ల మోనో అయితే, సెకనుకి 88,200 బైట్ల లెక్కన మొత్తం 42 లక్షల బైట్లు, అంటే 4 మెగాబైట్ల పైచిలుకు. మూడు వెలాసిటీలతో 13 మెగాబైట్లు దాటదు. మెమరీ చాలదని రెండు శాంపిళ్ళని ఐదు ఆక్టేవుల మీద లాగే రోజులు పోయాయి.

వీణ గురించి తప్పకుండా అడుగుతారు. వీణ స్వరం మీటగానే తగ్గడం మొదలవుతుంది కాబట్టి లూపుకి నిలకడైన చోటు దొరకదు. మోత బాగా పల్చబడ్డాక కొద్ది ఆవృత్తుల చిన్న లూప్ పెట్టి, ఆంప్ ఎన్వలప్‌లో (కాలంతో శబ్దం పెరిగి తగ్గే తీరు) సస్టెయిన్ (కీ పట్టి ఉంచినప్పుడు నిలిచే మట్టం) సున్నా చేసి, డికే (తగ్గడానికి పట్టే కాలం) పొడుగ్గా పెట్టండి. లూప్ తిరుగుతూనే ఉంటుంది, ఎన్వలప్ దాన్ని తగ్గిస్తూ పోతుంది. ఆ చిన్న లూపులో శృతి జరగకుండా లూప్ ట్యూన్ (లూపు శృతిని మాత్రమే సరిచేసేది) ఉంటే వాడండి. గమకాన్ని మాత్రం శాంపిల్లో పెట్టి లూప్ చేయకండి. సాదా స్వరం రికార్డు చేసి, పిచ్ బెండ్ హద్దు 2 సెమీటోన్లకి పెట్టి, గమకం చేత్తో వాయించండి. తోడి గాంధారం లాంటివి వీల్ మీద కుదరవనుకుంటే ఆ ప్రయోగాన్ని మొత్తంగా ఒక ముక్కగా రికార్డు చేసి, లూప్ లేకుండా, ఆ శృతిలో ఆ ఒక్క కీకే కట్టేయండి.

తంబురా లూపుకి నాలుగు తీగల చుట్టు పూర్తిగా పడాలి, క్రాస్‌ఫేడ్ అర సెకను ఇవ్వొచ్చు. ఒకటి శృతిలో (సి) 6 సెకన్లున్న చుట్టు రెండు శృతికి (డి) జరిపితే 5.35 సెకన్లవుతుంది, మీటు తొందరపడుతుంది. మూడు శృతుల్లో విడిగా రికార్డు చేసుకుంటే ఆ బాధ ఉండదు.

దరువుల్ని ముక్కలు చేసే స్లైస్ పనిలో మన తాళాలకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మిశ్రచాపు ఆవర్తనం సరిగ్గా 2 సెకన్లు ఉందనుకోండి, 88,200 పాయింట్లు, ఏడు అక్షరాలకి ఒక్కోటి 12,600. కీబోర్డు తనంతట తాను 8కో 16కో కోస్తుంది. 16 అంటే 5,512న్నర పాయింట్లకొక కోత, ప్రతి దెబ్బా నడుమ తెగుతుంది. స్లైసుల సంఖ్య 7 లేదా 14 పెట్టండి. ఖండచాపుకి 5 లేదా 10. ఆ అంకె ఇవ్వడానికి వీల్లేని యంత్రంలో దెబ్బల్ని బట్టి కోసే పద్ధతి ఎంచుకుని సెన్సిటివిటీ తగ్గిస్తూ సరిచూసుకోండి. టెంపో మార్చాలంటే టైమ్-స్ట్రెచ్ (శృతి మారకుండా నిడివి సాగదీయడం) కన్నా స్లైస్ మేలు. స్ట్రెచ్ పది శాతం దాటితే డప్పు దెబ్బ మొన రెండుగా చీలినట్టు వినిపిస్తుంది. స్లైసుల మధ్య ఖాళీ వస్తే ఒక్కో ముక్కకి రిలీజ్ (కీ వదిలాక మోత ఆరే కాలం) కాస్త పెంచితే సరి.

సేవ్ సంగతి కూడా చెప్పాలి. మోటిఫ్ ఎక్స్‌ఎఫ్ లాంటి బోర్డుల్లో మామూలుగా శాంపిల్ కూర్చునేది కరెంటు తీస్తే చెరిగిపోయే మెమరీలో. ఫ్లాష్ బోర్డు వేసుకుంటే తప్ప, ఆఫ్ చేయగానే పని మొత్తం పోతుంది. వానాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊరు మనది. కోత అయ్యాక ఒకసారి, లూప్ అయ్యాక ఒకసారి, మ్యాపింగ్ అయ్యాక ఒకసారి యూఎస్‌బీలో సేవ్ చేయండి. ప్రతిసారీ పేరు చివర అంకె మార్చండి. పేరులో వాద్యం, శృతి, దెబ్బ బలం ఉంటే ఏడాది తర్వాత కూడా వెతుక్కోకుండా దొరుకుతుంది.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: జముకు (తీగ మీటే జానపద వాద్యం) శాంపిల్ చేస్తే ఒక్క కీ మీద బాగుంటోంది, మిగతా కీల మీద జముకులా ఉండటం లేదండీ. లూప్ కుదరడం లేదు.

జవాబు: జముకుకి లూప్ వద్దమ్మా. ఆ వాద్యం ప్రాణమంతా తీగ బిగింపు మారుస్తూ మీటినప్పుడు శృతి జారడంలో ఉంది. స్థిరమైన చోటే లేనప్పుడు లూప్ ఎక్కడ పెడతాం? పై కీ మీద ఆ జారుడు వేగం కూడా పెరుగుతుంది, అందుకే వేరే వాద్యంలా మారిపోతోంది. పైకి జారేవి నాలుగు, కిందికి జారేవి నాలుగు, జారకుండా పొడిగా మీటినవి రెండు విడివిడిగా రికార్డు చేసి, ఒక్కో కీకి ఒక్కోటి పెట్టండి. కీ వదిలినా శబ్దం పూర్తయ్యేలా వన్-షాట్ చేయండి. శృతి మొత్తం మార్చాల్సి వస్తే ఒక్క సెమీటోన్ కన్నా జరపకండి.

ప్రశ్న: ఇంట్లో హెడ్‌ఫోన్‌లో చాలా బాగున్న శాంపిల్ పందిట్లో బాక్సుల్లో ఎందుకు పేలవంగా వస్తుంది సార్?

జవాబు: మూడు కారణాలు చూడండి. మొదటిది, పందిట్లో చాలాసార్లు మిక్సర్ మనల్ని మోనోలోనే తీసుకుంటుంది. రెండు మైకులతో తీసిన స్టీరియో శాంపిల్ అయితే ఎడమ కుడి కలిసినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు కొట్టేసుకుంటాయి. ఇంట్లోనే ఒకసారి మోనో చేసి వినండి. పల్చబడితే ఒక్క ఛానల్‌నే ఉంచి రెండోది తీసేయండి. రెండోది, గది మోత. శాంపిల్లో గది రివర్బ్ రికార్డయి ఉంటే దాని మీద కీబోర్డు రివర్బ్, దాని మీద పందిరి మోత, మూడూ కలిసి దెబ్బ మొన కనబడదు. మైకుని వాద్యానికి దగ్గరగా, ఒక జానెడు దూరంలో పెట్టి, గదిలో పరుపులు దుప్పట్లు వేలాడదీసి మళ్ళీ తీయండి. మూడోది, మీరు ఆరేడు స్వరాలు కలిపి పట్టినప్పుడు ఔట్‌పుట్ లోపలే నిండిపోయి కోసుకుపోవడం. శాంపిల్ లెవెల్ ముట్టుకోకుండా ఆ టోన్ వాల్యూం 6 డెసిబెల్ తగ్గించి, ఆ మేరకి మిక్సర్లో గెయిన్ పెంచమని సౌండ్ అతన్ని అడగండి. సౌండ్ చెక్‌లో ఒక్క స్వరం కాకుండా, మీరు పాటలో పట్టే నిండు కార్డు, గట్టిగా, సస్టెయిన్ పెడల్ తొక్కి వినిపించండి. ఆయన లెవెల్ దాన్ని బట్టే పెట్టాలి.